బాబాసాహెబ్ అడిగిన బంగారు నాణెం

(అంబేద్కర్ జయంతికి జగిత్యాల ప్రాంతంలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



బాబాసాహెబ్ బొమ్మతో సర్కారు నాణేలు కొట్టింది. సంతోషమే. కానీ ఏ నాణెం ఎవరి చేతికి వచ్చిందని అడగాలె.

1990లో శతజయంతికి వచ్చిన రూపాయి బిళ్ల కూలి పైసలల్ల, కిరాణ దుకాణంల, కండక్టర్ సంచిల తిరిగింది. 2015ల 125వ జయంతికి రెండు నాణేలు విడుదల చేసిన్రు. పది రూపాయలది చలామణికి. 125 రూపాయలది సగం వెండి, 35 గ్రాములు. అది సంతకు పోదు, డబ్బీల పెట్టి దాచుకునేటోళ్లకు. అశోక చక్రం అచ్చేసిన సర్కారు బంగారు నాణెం కూడా ఆ ఏడే వచ్చింది. అదీ కొని దాచుకునేదే. 2023ల ఎన్టీఆర్ శతజయంతి నాణెం మీద ఉన్నది వంద రూపాయలు, అమ్మింది నాలుగు వేల పైన. ఆ ఏడు మన ఉపాధిహామీ కూలి రోజుకు 272. రెండు వారాల పైన మట్టి తవ్వితే ఒక్క బిళ్ల!

ఇది కొత్త ముచ్చట కాదు. నిజాం కాలంల దర్బారుకు పోయిన పెద్దలు బంగారు అష్రఫీలు నజరానా పెట్టేది. ఊర్లె వెట్టికి చెప్పులు కుట్టిన మాదిగకు, మూటలు మోసిన మాలకు హాలీ సిక్కా పైస కూడా కూలి లేదు. ఆ అష్రఫీల మీద మన తాతల చెమట ఉన్నది, పేరు లేదు.

బాబాసాహెబ్ కూడా బంగారు నాణెం అడిగిండు. ఎందుకడిగిండో చూడండ్రి. 1923ల లండన్‌ల అచ్చయిన 'రూపాయి సమస్య' పుస్తకంల ఆయన లెక్క ఇది: తెల్ల సర్కారు తన ఇష్టమున్నన్ని వెండి రూపాయలు కొడితే రూపాయి విలువ పడుతది, ధరలు పెరుగుతయి, కూలి మాత్రం ధరలతో సమానంగ పెరగది. వ్యాపారికి వచ్చే లాభం కూలోని కడుపుల నుంచి పోయినదే. అందుకే రూపాయలు కొట్టుడు ఆపి, చలామణికి బంగారు నాణెం తేవాలన్నడు. 1925ల హిల్టన్ యంగ్ కమిషన్ ముందట కూడా గదే వాదించిండు. బీరువాల పెట్టే బంగారం కాదది, మనిషి కష్టం విలువ కరిగిపోకుండ కాపాడే బంగారం.

ఇయ్యాల ఏ దేశం బంగారు నాణెంతోని బజారు నడుపుతలేదు, అది వేరే సంగతి. ఆయన లేపిన కూలి ప్రశ్న మాత్రం మన వాడల అట్లనే ఉన్నది. వచ్చే ఆదివారం సంఘం కాడ కూసుందాం. పోయినేడు బియ్యం, నూనె, పప్పు ఎంతకు తెచ్చిన్రు, ఇయ్యేడు ఎంతకు తెస్తున్నరు, కూలి ఎంత పెరిగింది, రాసుకొని రాండ్రి. రాయరానోళ్లకు పిల్లలు రాసిపెడుతరు.