పాలారు ఒడ్డు నుండి కాండీ దాకా
(యుగాది సభలో చేసిన ప్రసంగము)



మేము రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము, ఉపన్యాసాలు మాకు చేతగావు. పోయిన వేసవిలో కుటుంబముతో సింహళము చూచి వచ్చిన సంగతి తెలిసి, నాలుగు మాటలు చెప్పి తీరవలెనని కార్యదర్శి గారు పట్టుబట్టినారు.

మన కే.వి.కుప్పము వారు వేలూరుకు పోని వారము ఉండదు. అక్కడ పాలారు ఒడ్డున ముత్తుమండపములో ఉన్నది కాండీ కడపటి రాజు శ్రీ విక్రమ రాజసింహుని సమాధి. మధుర నుండి పోయిన తెలుగు నాయకుల వంశము వారు నలుగురు 1739 నుండి 1815 దాకా ఆ కొండసీమను ఏలినారు. నాలుగవ వారైన ఈయనను ఇంగ్లీషువారు 1815లో పట్టుకొని, మరుసటి ఏడు వేలూరు కోటకు తెచ్చినారు. కోటలో కండి మహలు అనే భవనము నేటికీ ఉన్నది. 1832 జనవరి 30న ఆయన ఇక్కడనే పోయినారు. మా చిన్నతనములో మా నాయన ఆ సమాధి చూపించి “మనవాడేరా” అనేవారు. ఆ ఒక్క మాటే మమ్ము బయలుదేరదీసినది.

పూర్వము మద్రాసులో బోట్ మెయిలు ఎక్కి ధనుష్కోటిలో దిగి, ఓడలో తలైమన్నారు చేరేవారు. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోటి లైను సముద్రము పాలయినది. మేము చెన్నై నుండి విమానములో పోయినాము. రైల్వేవాడు గాలిలో పోవడమేమని ఆఫీసులో నవ్వినారు.

కొలంబో మ్యూజియములో కాండీ రాజుల సింహాసనము ఉన్నది. ఇంగ్లీషువారు ఎత్తుకొని పోయినది 1934లో తిరిగి వచ్చినది. సింహాసనము ఇల్లు చేరినది గాని, దానిమీద కడపట కూర్చున్నవారు మన పాలారు ఒడ్డుననే ఉన్నారు.

కాండీకి రైలు 1867లో వచ్చినది. పట్టాల వెడల్పు మన కాట్పాడి లైను లాగే అయిదడుగుల ఆరంగుళాలు. కొలిచి చూడబోతే మా ఇంటావిడ చేయి పట్టి లాగినది. కాండీలో దంతాలయము ముందరి ఎనిమిది పలకల మండపము, ఆ ఎదుటి చెరువు ఈ రాజు కట్టించినవే. మనవాడని మరీ పొగడ నక్కరలేదు. తిరగబడిన మంత్రి మీది కోపముతో 1814లో ఆయన భార్యాపిల్లలను చంపించినది కూడా ఈయనే. ఆ మాట అక్కడ ఎవరూ మరువలేదు.

గాలె దారిలో రైలు అలల పక్కనే పోతుంది. పెరాలియ దగ్గర 2004 డిసెంబరు 26న సముద్రము పొంగి రైలును ముంచినది. వెయ్యి మందికి పైగా పోయినారు. అక్కడ మాకు మాట రాలేదు.

తరువాత ఉత్తరపు పల్లెలు. అయిదవ శతాబ్దములో ధాతుసేన రాజు కట్టించిన కలావెవ చెరువు, అక్కడినుండి అనురాధపురానికి కాలువ. మొదటి మైళ్లలో మైలుకు ఆరంగుళాలే వాలు! పాలారు ఇసుక చూచి పెరిగిన కండ్లకు ఆ నీళ్లు చూచి కడుపు నిండినది.

ఆ ప్రాంతములోనే, తంబుత్తేగమ దగ్గర కుడాగమలో, పాములాడించే అహికుంటకులు ఉన్నారు. వారి ఇంటిమాట తెలుగు. ఒక అవ్వ మా అబ్బోడిని “నీ పేరేందబ్బా?” అని అడిగినది. వాడు తమిళములో బదులు చెప్పినాడు. అవ్వ మా ముఖము చూచి, “ఇంట్లో మాట్లాడరా?” అన్నది. ఆమె మనుమలు సింహళములో ఆడుకొంటున్నారు. అది చూపించి మేము తప్పించుకోవచ్చును గాని, నోరు రాలేదు. ఆ అవ్వకు బడి లేదు, పుస్తకము లేదు. మాకు రెండూ ఉండినవి.

వచ్చినప్పటి నుండి రాత్రి భోజనమైన తరువాత వాడిచేత అక్షరాలు దిద్దిస్తున్నాము. “ఱ” దగ్గర ఆగినాము. అది ఎందుకని వాడు అడుగుతాడు, మాకూ తెలియదు. సభలో ఎవరి ఇంటిలోనైనా పాత పెద్దబాలశిక్ష ఉంటే కొన్నాళ్లు ఇప్పించ ప్రార్థన. అట్ట చినిగినా పరవాలేదు, మేము వేయించుకొంటాము.