పరిశోధన పట్టము - ప్రజల ఋణము

(పఠనమందిర సభయందు చేసిన ఉపన్యాసము)



పేరునకు ముందు "డాక్టరు" అను బిరుదము చేరినచో మన ఊళ్లలో గౌరవము పెరుగును; జీతము పెరుగును; వరకట్నము సయితము పెరుగుచున్నదని వినుచున్నాను. ఆ పట్టము దేనికొఱకిత్తురో విచారించువారు మాత్రము అరుదు. న్యాయవాదినగు నాకు తోచినది మనవి చేసెదను. న్యాయస్థానమున వాది తన పక్షమును సాక్ష్యముచే స్థాపింపవలెను. ప్రతిపక్షి ప్రశ్నలకు నిలువవలెను. పరిశోధకునకును అదియే ధర్మము. వైద్యమైనను, పురావస్తుశాస్త్రమైనను, పరిశ్రమస్థాపనమైనను ఈ ధర్మమొక్కటియే. ముగ్గురి చరిత్రములు ఇందులకు నిదర్శనములు.

ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్‌గారు 1887లో ఎడింబరో విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రములో డాక్టరు పట్టమందిరి. కలకత్తాకు మరలివచ్చి, ప్రెసిడెన్సీ కాలేజీలో బోధించుచునే, 1892లో తమ నివాసమునందు బెంగాల్ కెమికల్ కార్ఖానాకు బీజము నాటిరి. పశువుల యెముకలను మేడమీద నెండబెట్టి, కాల్చి, ఆ బూడిదనుండి ఔషధోపయోగమగు ఫాస్ఫేటు లవణమును తీసిరి. 1901లో ఆ కార్ఖానా లిమిటెడ్ కంపెనీయయ్యెను. ఎడింబరోలో పరీక్షకులు పండితులు; ఇచ్చట పరీక్షకుడు సీమమందునకు అలవాటుపడిన కొనుగోలుదారుడు. రెండవ పరీక్షయే కఠినము.

మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని యాగ్రహమునకు గురియై తక్కువ పట్టముతో బయటపడిరి. 1923లో బోస్టను చేరి, ఆసుపత్రిలో చిన్న కొలువు చేసి పొట్టపోసికొనిరి. హార్వర్డులో ఫిస్కెగారితో కూడి, దేహద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతిని ఎవరైనను తమ ప్రయోగశాలలో సరిచూచుకొనవచ్చును, సాక్ష్యమనగా నట్టిది. 1930లో పిహెచ్.డి. లభించెను. పిమ్మట లెడర్లీ సంస్థలో వారి బృందము 1947లో వెల్లడించిన డైఇథైల్‌కార్బమజైన్, బోదకాలు నివారణకై మన ప్రభుత్వము ఇంటింట పంచిన బిళ్లలలో ముఖ్యమయ్యెను. గోదావరి మండలములవారికి ఆ వ్యాధి బాధ వివరింప నవసరము లేదు.

హస్ముఖ్ సంకాలియాగారు ఘూర్జర పురావస్తువులపై వ్రాసిన వ్యాసమునకు 1936లో లండనులో పట్టమందిరి. 1939లో పూనా దక్కను కాలేజీకి వచ్చి, పట్టముతో నాగక, సబర్మతీతీరమున రాతి పనిముట్లను వెదకిరి. పూర్వవైభవమును పొగడుట సులభము; మట్టిపొర విప్పి చూపుట కష్టము. 1954 మొదలు 1960 వఱకు నాగార్జునకొండలో త్రవ్వకములు జరుగనిచో, ఎంత సాక్ష్యము జలాశయమున మునిగి యుండెడిదో ఊహింపుడు! ఋజువులేని గర్వము దేశమునకు భూషణము కాదు.

నేటి స్థితి యేమి? 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము వ్యాసచౌర్యమును అరికట్టుటకు నిబంధనలు చేయవలసి వచ్చెను. నిబంధనలు దొంగను పట్టగలవు, పండితుని పుట్టింపజాలవు. ఆ పని సంఘముది. కావున నా మనవి రెండు. పట్టమందిన యువకుని జీతమడుగుటకు ముందు, "నాయనా, నీవేమి కనుగొంటివి? దానికి ఋజువేమి?" అని యడుగుడు. రెండవది, మన విశ్వవిద్యాలయముల వ్యాసములెన్నియో "శోధగంగ" యను అంతర్జాల భాండారమున ఎల్లరకును లభించుచున్నవి. ఈ మందిరమువారు నెలకొక పరిశోధకుని పిలిపించి, తన పనిని తెనుగున, మనమెల్లరము ప్రశ్నించునట్లు చెప్పింతురు గాక. ప్రజల ధనముతో చదివినవాడు ప్రజలకు జవాబుదారి. ఆ ఋణము అడుగనిచో, తీర్చువారుండరు.