'ఐవానె గజల్' నవలలో మన 'పెహచాన్'
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలలో మన ఇళ్లలో మాట ఉర్దూ, అంగట్లో మాట తెలుగు. హిందూపురం పొలిమేర దాటితే కన్నడం. "మీరెవరు?" అంటే మన పిల్లలు ఒక్క మాటలో ఏం చెబుతారు? ఈ గుర్తింపునే ఉర్దూలో 'పెహచాన్' అంటాం. దీన్ని చక్కగా విప్పి చూపిన ఉర్దూ నవల ఒకటుంది గనుక, దాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాం.

అది జీలానీ బానో గారి 'ఐవానె గజల్'. ఆమె 1936లో బదాయూనులో పుట్టి, హైదరాబాదు రచయిత్రిగా పేరు పొందారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. నవల వెలువడింది 1976లో. నిజాం పాలన చివరి రోజుల్లో చితికిపోతున్న ఒక జమీందారీ కుటుంబం కథ అది.

'ఐవానె గజల్' అన్నది వాహిద్ హుసేన్ గారి మేడ పేరు. మొదట ఆ ఇంట్లో అందరి పెహచాన్ ఆ మేడే. అక్కడ కవిత్వానికి విలువుంది, ఆడపిల్ల మాటకు లేదు. చాంద్, గజల్ ఆ ఇంటి పిల్లలే. ఒకరు చందమామ, ఒకరు కవిత. పేర్లు ఎంత ముద్దుగా ఉన్నాయి! కానీ వాళ్ల బతుకు ఇతరుల చేతుల్లో నలిగిపోయింది. ఆ ఇంటి మరో పిల్ల ఖైసర్ తెలంగాణ పోరాటంలోకి వెళ్లింది. ఆమె కూతురి పేరు క్రాంతి. గోడల్లో మొదలైన పెహచాన్ చివరికి మనిషి ఎంచుకున్న దారిలోకి వచ్చింది. రచయిత్రి ఈ మార్పును పేర్లతోనే చూపించింది.

పేర్లు గోడలు దాటడం మనకేం కొత్త కాదు. పెనుకొండ బాబయ్య దర్గాకు హిందువులూ వస్తారు. పక్కీరప్ప, మస్తానయ్య అనే పేర్లు మన సీమలో హిందువుల ఇళ్లలోనూ వింటాం. అంతమాత్రాన ఎవరి మతం పోయింది?

ఉర్దూ చదివితే ఉద్యోగం రాదని కొందరు, తెలుగు చదివితే మనవాళ్లు కాకుండా పోతారని కొందరు అంటారు. ఉర్దూ పంతుళ్లం మేము చెబుతున్నాం, రెండూ నేర్పండి. పది పూర్తి కాకుండానే ఆడపిల్లను బడి మాన్పించి, అదే పరువు అనుకోకండి. అట్లాంటి పరువు ఆ మేడలాంటిదే. బయటికి అందం, లోపల చీకటి. "నువ్వెవరు?" అంటే జవాబు మన బిడ్డే చెప్పుకోవాలి. చెప్పుకునేంత చదువు ఇవ్వడం మన పని.