పేరులో ఒక్క అక్షరం



మొన్న మా ఎదురింటి కోడలు "పిన్నిగారూ, కరెంటు బిల్లు కట్టేశానండీ" అంది. ఎప్పుడు వెళ్లొచ్చావమ్మా అంటే చేతిలో ఫోను చూపించి నవ్వింది. పొయ్యిమీద పప్పు ఉడికేలోగా కట్టేసిందట! నా ఈడువారికి ఆ పాత రోజులు గుర్తుండే ఉంటాయి. వంట పెందరాళే ముగించి, పిల్లల్ని బడికి పంపి, సంచీలో బిల్లు పెట్టుకుని పరుగెత్తేవాళ్లం. తీరా మన వంతు వచ్చేసరికి "చిల్లర లేదమ్మా" అనో, "భోజనాల వేళ" అనో కిటికీ మూసేసేవారు. కరెంటుకొక చోటు, నీళ్లకొక చోటు, టెలిఫోనుకొకటి, ఇంటిపన్నుకు ఇంకొకటి.

హైదరాబాదులో 1999 డిసెంబరులో బంజారాహిల్సులో ప్రయోగంగా ఒక కేంద్రం తెరిచారు. అదే 2001 ఆగస్టు నుంచి ఈ-సేవ అయింది. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, ఏ కిటికీ దగ్గరైనా ఏ బిల్లయినా కట్టవచ్చునన్నారు. 2011లో మీసేవ వచ్చి, ధ్రువపత్రాలను డిజిటల్ సంతకంతో ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకే తెచ్చారు. ఇదంతా మీకు తెలిసిన సంగతే. కౌంటరుకు అవతలి వైపు ఏం జరిగిందో చెబుదామని నేను ఈవేళ మీ ముందుకు వచ్చాను. ఎందుకంటే నేను చాలాకాలం అటువైపు కూర్చున్నదాన్ని.

ఒక పురపాలక సంఘంలో జనన మరణాల విభాగం నా బాధ్యతగా ఉండేది. పాత రిజిస్టర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలని ఉత్తర్వు వచ్చింది. పై అధికారి రోజూ సాయంత్రం అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇవాళ ఎన్ని అయ్యాయి?" నేనూ పిల్లల్ని కూర్చోబెట్టి అదే ప్రశ్న అడిగాను. రోజుకిన్ని అని లెక్క పెట్టాను. లెక్క బాగా పెరిగింది. మెప్పు కూడా దక్కింది. ఎక్కించినదాన్ని పుస్తకంతో పోల్చి చూసే మనిషిని మాత్రం పెట్టలేదు. పెడితే లెక్క తగ్గుతుందని నాకు తెలుసు కనుకనే పెట్టలేదు. ఆ తప్పు నాదే.

ఏడాది తిరక్కుండానే ఒకావిడ వచ్చింది. కొడుకు పాస్‌పోర్టు కోసం జనన ధ్రువపత్రం తీసుకుంది. అందులో తల్లి పేరు తప్పు పడింది. 'వర' అని ఉండవలసిన చోట 'వీర' అని ఉంది. రిజిస్టరు తీసి చూస్తే ఏముంది, వ మీద చిన్న సిరామరక! దాన్ని ఎక్కించిన కుర్రవాడు గుడిదీర్ఘం అనుకున్నాడు. అప్పటికే ఆమె నాలుగుసార్లు తిరిగిందట. మా గుమాస్తా ప్రతిసారీ "నోటరీ చేత ప్రమాణపత్రం రాయించుకురండి" అని పంపాడు. నేనూ అలవాటుగా ఆ మాటే అన్నాను.

ఆమె కోపపడలేదు. మెల్లిగా అడిగింది. "అమ్మా, పుస్తకంలో సరిగ్గానే ఉంది కదా. తప్పు రాసింది మీరు. ప్రమాణం నేను చెయ్యాలా?"

జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి అన్నం సయించలేదంటే నమ్మండి.

మర్నాడు మా విభాగంలో రెండు మార్పులు చేశాను. పుస్తకంలో ఒప్పుగా ఉండి కంప్యూటరులో తప్పు ఉంటే అది మన తప్పు కాబట్టి, ప్రమాణాలూ అర్జీలూ లేకుండా అదే రోజు దిద్ది ఇవ్వాలి. ఇది మొదటిది. రెండోది ఇంకా చిన్నది. కంప్యూటరు తెరను వచ్చినవారి వైపు తిప్పి, "చదువుకోండమ్మా, సరిగ్గా ఉందా?" అని అడిగిన తరువాతే అచ్చు తియ్యాలి. చదవడం రానివారికి మేమే పైకి చదివి వినిపించాలి. మా వాళ్లు ఒప్పుకున్నారనుకున్నారా? "అక్కయ్యా, ఇలాగైతే రోజుకు ఎన్ని అవుతాయి?" అని గొణిగారు. పై అధికారిని ఒప్పించడానికి నెల పట్టింది. తెర తిప్పడానికి తీగ పొడవు చాలక, కొత్త తీగ కొనడానికి ఇంకో పదిహేను రోజులు!

ప్రభుత్వంలో మార్పుకు నాయకత్వం అంటే పెద్ద పెద్ద వేదికలే గుర్తుకొస్తాయి. యంత్రాలు కొనడం అందులో తేలిక పని. పాత పద్ధతిని అలాగే ఉంచి దానిమీద కంప్యూటరు పెడితే, తప్పు కూడా కంప్యూటరంత వేగంగానే ఊరంతా తిరిగి వస్తుంది. 1998లో మన రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' అనే పథకం వచ్చినప్పుడు, దస్తావేజును పుస్తకంలోకి చేత్తో నకలు రాసే పద్ధతికే స్వస్తి చెప్పారు. అందుకే రోజులు పట్టే ఈసీ నిమిషాల్లో రావడం మొదలైంది. తెలంగాణలో 2020లో భూముల రికార్డుల కోసం ధరణి వచ్చింది. తప్పు పడితే ఎవరి దగ్గర అప్పీలు చేసుకోవాలో తెలియక రైతులు చాలా అవస్థ పడ్డారు. 2025లో దాని స్థానంలో వచ్చిన భూభారతి చట్టంలో అప్పీలు చేసుకునే దారి పెట్టవలసి వచ్చింది. దిద్దుబాటు సంగతి మొదటి రోజే ఆలోచించి ఉంటే ఎంతమంది కాళ్లనొప్పులు తప్పేవో!

ఇక మన ఇళ్ల సంగతి. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి. పేరు పెట్టడం ఆలస్యమైనా, ఏడాదిలోపల రాయిస్తే రుసుము ఉండదు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికీ, పాస్‌పోర్టుకీ, డ్రైవింగు లైసెన్సుకీ పుట్టినతేదీ రుజువుగా చెల్లేది జనన ధ్రువపత్రమే. కాబట్టి బారసాలనాడు చెవిలో చెప్పిన పేరును ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాయాలో ఆ రోజే కాగితంమీద పెట్టండి. లక్ష్మికి ఒకరు ఎక్స్ వేస్తారు, ఇంకొకరు కె, ఎస్, హెచ్ వేస్తారు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది మరో రగడ. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకుతీరాలని ఏ చట్టంలోనూ లేదు. మార్చుకుంటే మాత్రం అన్ని కాగితాల్లోనూ మార్చుకోండి.

ఇంకొక మాట. ఇంట్లో అందరి ఆధార్‌కూ మగవారి ఫోను నంబరే ఇచ్చి ఉంటుంది. ఓటీపీ ఆయన జేబులో మోగుతుంది, మనం ఇక్కడ కిటికీ దగ్గర నిలబడి ఉంటాం. ఆయన ఊళ్లో లేకపోతే మన పని ఆగిపోతుంది. మీకు ఫోను ఉంటే మీ నంబరే పెట్టించుకోండి. ఆ ఓటీపీని ఫోనుచేసి అడిగినవాడికెవడికీ చెప్పకండి, ఆఫీసరునన్నా సరే.

మా అత్తగారికి కుటుంబ పింఛను వస్తుంది. ఏటా నవంబరులో బతికే ఉన్నానని రుజువు చూపాలి. ఒక ఏడు బ్యాంకులో ఆవిడ వేలిముద్ర యంత్రానికి అందలేదు. "బామ్మగారూ, తుడిచి మళ్లీ పెట్టండి" అని అరగంట పెట్టించారు. యాభై ఏళ్లు బూడిదతో అంట్లు తోమిన చేతులండీ, గీతలెక్కడ మిగులుతాయి? ఆవిడ చివరికి, "నేను లేనని రాసుకో నాయనా, ఇంటికి పోతాను" అన్నారు. కంటిపాపతో చూసే పద్ధతి ఉందని ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు. 2021 నుంచి ముఖం చూపి ఫోనులోనే ఈ రుజువు ఇచ్చే వీలు వచ్చింది. ఇప్పుడు నేనే ఇంట్లో కిటికీ పక్కన వెలుతురులో కూర్చోబెట్టి చేయిస్తున్నాను. ఆవిడ ప్రతిసారీ తల దువ్వించుకుని, బొట్టు సరిచేసుకుని మరీ కూర్చుంటారు.

ఆ పాస్‌పోర్టు తల్లి తరువాత మరోసారి మా కార్యాలయానికి వచ్చింది, మనవరాలి పేరు నమోదుకు. తెర ఆమెవైపు తిప్పాం. కళ్లజోడు తీసి తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివింది. మా గుమాస్తా ఊరకే నిలబడి చూస్తున్నాడు. "ఇక్కడ దీర్ఘం ఉండాలి బాబూ" అంది. అతను దిద్దాడు.