ఆటముక్కల సేకరణము - అందలి విలువ

(గూడూరు గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాస పాఠము)



పేకముక్క యనగానే పెద్దలకు కోపము వచ్చుట సహజము. పత్తాలాటలో పొలము పోగొట్టుకొన్న ఇల్లు వెదకినచో ఏ పల్లెలోనైనను కనబడును. ధర్మరాజు రాజ్యము పోయినది పాచికలతో. నేటి ధర్మరాజులకు ఆ పని పేకముక్కలు చేసి పెట్టుచున్నవి. కాని ముక్కతో మానవుడు జూదమొక్కటియే ఆడలేదు. ముక్కపై బొమ్మ వ్రాసెను, బొమ్మలో పురాణము నిలిపెను, దానిని దాచెను, ఇరుగుపొరుగువారితో మార్చుకొనెను, తుదకు దానిని ధనముగా నెంచి కొని పెట్టెలో పెట్టుకొనుటకును అలవాటుపడెను. ఆ సేకరణమును గూర్చియు, ఆ ధనమును గూర్చియు నాలుగు మాటలు వినిపించుట ఈ ఉపన్యాసమునకు ఉద్దేశము.

ఈ విషయము పల్లెకెందుకని కొందరడుగవచ్చును. నేడు పట్టణమున చదువు పిల్లలు సెలవులకు వచ్చునపుడు క్రికెట్టు ఆటగాండ్ర కార్డులు, పోకీమాన్ అను జపాను దేశపు బొమ్మల కార్డులు సంచిలో వేసికొని వచ్చుచున్నారు. ఒక్క కార్డు కోట్లు పలికినదను వార్త చేతిలోని ఫోనునకే వచ్చుచున్నది. దాని వెంటనే పాత నోటున్నచో లక్షలిత్తుమను మాటయు వచ్చుచున్నది. కోటియను సంఖ్య చెవిని పడగానే బుద్ధి తొట్రుపడును. కనుక ముందుగా ఒక్క మాట నిశ్చయించుకొనవలెను. పాతదైనంత మాత్రమున ఏ వస్తువునకును విలువ రాదు. దానిని గూర్చిన ఎరుక, దాని పూర్ణత, దాని నమ్మకమైన లెక్క, ఈ మూడును కూడినపుడే విలువ నిలుచును.

మన దేశమున ఆటముక్కలకు పూర్వనామము గంజీఫా. ఇది పారసీక దేశమునుండి వచ్చిన ఆట. 1527వ సంవత్సరమున బాబరు చక్రవర్తి సింధు దేశమందలి షా హుసేనునకు గంజీఫా ముక్కలు పంపినట్లు తన చరిత్రమున వ్రాసికొనెను. అక్బరు కాలమున అబుల్ ఫజలు రచించిన ఆయినీ అక్బరీలో ఈ ఆట వర్ణన కలదు. ఈ ముక్కలు నేటి పేకముక్కలవలె నలుచదరములు కావు; పెక్కింటికి గుండ్రని ఆకారము. మొగలాయి గంజీఫాలో ఎనిమిది రంగులు, రంగునకు పండ్రెండు ముక్కలు, వెరసి 96. ప్రతి రంగులోను ఒక రాజు, ఒక మంత్రి, తక్కినవి ఒకటి మొదలు పదివరకు అంకెలు.

ఆ రంగుల పేర్లు వినదగినవి. సేవకుడు, కిరీటము, ఖడ్గము, వాద్యము అనునవి నాలుగు. బంగారు నాణెము, వెండి నాణెము, బరాతు, కిమాషు అనునవి నాలుగు. బరాతనగా సొమ్ము చెల్లింపుమని ఇచ్చు ఆజ్ఞాపత్రము, కిమాషనగా సరకు. అనగా రాజుగారి కొలువు ఒక ప్రక్క, ఖజానా కచ్చేరి ఒక ప్రక్క, రెండును కలిసి ఆటగాని గుప్పిటిలో ఇమిడియున్నవన్నమాట. ఈ అర్థము తెలియని వానికి అది రంగుపూసిన అట్టబిళ్ల. తెలిసినవానికి ఒక రాజ్యపు జమాఖర్చు.

హిందూ చిత్రకారులు ఈ ఆటను తమదిగా చేసికొని దశావతార గంజీఫాను కల్పించిరి. మత్స్య కూర్మ వరాహాది పది అవతారములు పది రంగులు. రంగునకు పండ్రెండు చొప్పున 120 ముక్కలు. ప్రతి రంగునకు అవతారమూర్తియే రాజు. పగలు ఆడునపుడు రాముని ముక్క గలవాడును, రాత్రి ఆడునపుడు కృష్ణుని ముక్క గలవాడును ఆట మొదలు పెట్టవలెనని నియమము. ఐదు రంగులలో పది పెద్ద, ఒకటి చిన్న. తక్కిన ఐదింటిలో ఒకటియే పెద్ద, పది చిన్న. ఏ ముక్క పడినదో, ఏది మిగిలినదో జ్ఞప్తియందుంచుకొనువాడే గెలుచును. మైసూరు ప్రభువు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు, 1868లో కీర్తిశేషులైనవారు, ఇట్టి ఆటలను పెంచి 360 ముక్కల ఆటవరకు కూర్చిరి.

ఈ ముక్కలు వ్రాయు చేతులు దూరదేశమున మాత్రమే ఉన్నవనుకొనరాదు. గోదావరికి ఉత్తరమున, పునికి కర్ర బొమ్మలకు పేరుపొందిన నిర్మల్ పట్టణపు నకాషీ చిత్రకారులు గంజీఫాలను కూడ వ్రాసిరి. ధనవంతులకు దంతముపైనను, తాబేటి చిప్పపైనను వ్రాసినవి దర్బారు ముక్కలు. సామాన్యులకు గుడ్డతోను కాగితముతోను చేసినవి బజారు ముక్కలు. గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, బిళ్లలుగా కోసి, రంగులు వ్రాసి, లక్కతో మెరుగుపెట్టుట ఒక పద్ధతి. ఒక్క పేకకు 120 చిత్రములు చేతితో వ్రాయవలెను. పడమటి దేశములనుండి యంత్రముపై అచ్చైన 52 ముక్కల పేకలు చౌకగా వచ్చిన పిదప ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు ఇంటింటికి చేరినవి, గంజీఫా అటకెక్కినది. అటక మీద చెదలు కొంత తిన్నవి. పిల్లలు కొన్ని పారవేసిరి. నేడు అవి లండను నగరమున బ్రిటిష్ మ్యూజియములోను, విక్టోరియా ఆల్బర్టు మ్యూజియములోను అద్దముల వెనుక భద్రముగా ఉన్నవి. ఇచట అటకమీద బరువైనది అచట ప్రదర్శనశాలకు అలంకారమైనది. వస్తువు ఒక్కటియే, ఎరుక యందే భేదము.

ఇక బొమ్మల కార్డులను కూడబెట్టు పిచ్చి పడమట ఎట్లు పుట్టినదో చూతము. 19వ శతాబ్దపు చివర అమెరికాలోను ఇంగ్లండులోను సిగరెట్టు కంపెనీలవారు పెట్టె నలిగిపోకుండ లోపల గట్టి అట్టముక్క నుంచుచుండిరి. ఆ అట్టపై ఆటగాండ్రు, నటీమణులు, ఓడలు, పక్షులు మొదలగు బొమ్మలు అచ్చువేసి, వరుస సంఖ్య వేసిరి. సంఖ్య పడిన తోడనే మనుష్యునికి ఆశ పుట్టును. 49 దొరికినవి, 50వది దొరకలేదనువాడు ఆ ఒక్కదానికై ఇంకను పది పెట్టెలు కొనును. అమ్మకపువాని యుక్తియంతయు ఇందులోనే ఉన్నది.

1909 మొదలు 1911 వరకు అమెరికాలో వెలువడిన ఒక వరుసలో హోనస్ వాగ్నర్ అను బేస్‌బాలు ఆటగాని కార్డు కలదు. అతని సమ్మతి లేనందున దానిని త్వరలోనే ఆపివేసిరి. నేడు ఏబది అరువది మాత్రమే మిగిలినవని చెప్పుదురు. 2022లో అందొకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయినది. టాప్స్ కంపెనీ 1952లో వేసిన మికీ మాంటిల్ కార్డు చరిత్ర మరియు వింతయైనది. అమ్ముడుపోని పెట్టెలు గిడ్డంగిలో నిండిపోగా 1960లో వాటిని పడవలో తీసికొనిపోయి సముద్రమున పారవేయించితినని ఆ కంపెనీ ఉద్యోగియే తరువాత చెప్పెను. ఆ వరుసలోని మాంటిల్ కార్డొకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికినది. సముద్రమున పడినవాటి వలననే ఒడ్డున మిగిలినవాటికి ధర వచ్చినది.

ఇచ్చట జాగ్రత్తగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ కథ విని 1980 తరువాత అమెరికాలో వేలమంది గృహస్థులు తమ బిడ్డల చదువునకు పనికివచ్చునని కార్డుల పెట్టెలు కొని విప్పకుండ దాచిరి. కంపెనీలు ఆ గిరాకి చూచి లెక్కలేనన్ని అచ్చువేసినవి. అందరును దాచిన వస్తువు అరుదెట్లగును? పాతిక ముప్పది సంవత్సరములు గడచినను వాటిలో పెక్కింటికి కొన్న ధరయు రాలేదు. మరల 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి వలన జనులు ఇండ్లలో నుండగా కార్డుల ధరలు ఆకాశమునంటినవి. కార్డుల నాణ్యము పరీక్షించి ఒకటి మొదలు పదివరకు మార్కులిచ్చు ప్రసిద్ధ సంస్థ, వచ్చిపడిన మూటలు విప్పలేక 2021 మార్చిలో చాలవరకు క్రొత్తవాటిని తీసికొనుట ఆపినది. 2022లో పెక్కు కార్డుల ధరలు జారినవి. శిఖరమున కొన్నవారు శిఖరముననే మిగిలిరి.

మోసమును తక్కువ కాదు. కార్డు అంచులు వాడిగా, మూలలు నలగకుండ ఉన్నచో ధర హెచ్చు. 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయిన వాగ్నర్ కార్డు అంచులను తాను కత్తిరించితినని దానిని మున్ను అమ్మిన వేలము వ్యాపారి 2013లో న్యాయస్థానమున ఒప్పుకొనెను. ఆనాటికి జగత్ప్రసిద్ధమైన కార్డు గతియే ఇట్లున్నచో, ఊరుపేరు లేని కార్డును ఫోనులో చూచి కొనువాని గతి చెప్పనక్కరలేదు.

ఇక కాగితముమీద లెక్క వేసి చూతము. వెయ్యి రూపాయల కార్డు కొని 20 సంవత్సరములు దాచెనని యనుకొందము. అదే వెయ్యి నూటికి సాలీనా 7 చొప్పున చక్రవడ్డీకి ఉన్నచో 20 సంవత్సరములకు సుమారు 3,870 రూపాయలగును. కార్డు అమ్మిపెట్టువాడు నూటికి 20 తీసికొన్నచో, ఈ మొత్తము చేతికి రావలెనన్న కార్డు సుమారు 4,840 రూపాయలు పలుకవలెను. అంత పలికినను లాభమేమియు లేదు. వడ్డీతో సమానమైనది, అంతే. పైగా భూమి పంటనిచ్చును, ఆవు దూడనిచ్చును, అప్పు వడ్డీనిచ్చును. కార్డు పెట్టెలో నున్నంతకాలము ఏమియు ఈయదు. మరియొకడు హెచ్చు ధరకు కొనుననెడి ఆశయే దాని పంట. కావున విత్తనముల సొమ్ము, బిడ్డల ఫీజు సొమ్ము, అప్పు తెచ్చిన సొమ్ము ఇందు పెట్టుట తగదు. లోపల ఏమున్నదో తెలియని మూసిన పొట్లమును మంచి కార్డు పడునను ఆశతో మరల మరల కొనుట జూదమునకు పినతల్లి బిడ్డయని పిల్లలకు చెప్పవలెను.

అట్లయిన సేకరణము వ్యర్థమా? కాదు. జెఫర్సన్ బర్డిక్ అను అమెరికా దేశస్థుని జీవితము ఇందుకు సాక్ష్యము. ఆయన సిరాక్యూస్ నగరమున విద్యుత్ పరికరముల కర్మాగారమున పనిచేసిన చిన్న జీతగాడు, కీళ్లవాతముతో వేళ్లు వంకరలు పోయినవాడు, బ్రహ్మచారి. సిగరెట్టు కార్డులు, మిఠాయి కార్డులు మొదలుగా జనులు పారవేయు అచ్చుబొమ్మలను మూడులక్షలకు పైగా సేకరించెను. అంతటితో ఊరకుండక ఏ కంపెనీ, ఏ వరుస అని విభజించి, గుర్తులు వేసి, 1939లో పట్టిక అచ్చువేయించెను. నేటికిని వ్యాపారులు వాగ్నర్ కార్డు వరుసను ఆయన పట్టికలోని గుర్తుతోనే పిలుచుచున్నారు. ఆ సేకరణమునంతయు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు దానమిచ్చి, సంవత్సరముల తరబడి అచటనే కూర్చుండి తన చేతులతో పుస్తకములలో అతికించెను. 1963 జనవరిలో పని ముగించి ఆసుపత్రిలో చేరి, ఆ మార్చిలో పరమపదించెను. అందలి ఒక్కొక్క కార్డు నేడు ఎంత పలుకునో! ఆయన ధనము కూర్చుకొనలేదు, ఎరుకను కూర్చెను. ధర తరువాతి వారు కట్టిరి.

మన దేశమునను ఇట్టి ఉదాహరణము కలదు. కొంకణ ప్రాంతపు సావంత్‌వాడిలో గంజీఫా వ్రాయు విద్య అడుగంటుచుండగా, 1970 దశకమున అచటి సంస్థానపు శివరామరాజె భోంస్లే, సత్వశీలాదేవి దంపతులు ముదుసలి చిత్రకారునివద్ద ఆ విద్యను నేర్పించి నిలిపిరి. నేడు క్రొత్త గంజీఫా పేక కొనువాని సొమ్ము వ్రాసిన చేతికి అన్నమగుచున్నది. ఇట్టి కొనుగోలు లాభము తేకపోయినను నష్టమనరాదు.

పల్లెలోని ఇండ్లలో దంతపు గంజీఫాలు లేకపోవచ్చును. కాని హాలీ సిక్కాలు, నైజాము స్టాంపులు, పాత అగ్గిపెట్టె బొమ్మలు, తాతలనాటి ఉత్తరములు, తాళపత్రములు ఉండవచ్చును. పాత నాణెమును మెరయుటకై చింతపండుతో తోమరాదు. దాని వన్నె పోవును, కొనువాడు ధర తగ్గించును. చిరిగిన కాగితమునకు జిగురు టేపు అంటింపరాదు. గంగ నీటికి, పొగకు, చెదలకు దూరముగా నుంచవలెను. పాత నోట్లు కొందుమని రిజర్వుబ్యాంకు పేరు చెప్పి ముందుగా కమీషను, పన్ను అడుగు మోసగాండ్రను నమ్మవలదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించినది. ధనమిచ్చువాడు ముందుగా ధనమడుగడు. అడిగినచో వాడు దొంగయే. నూరేండ్లు దాటిన కళావస్తువులు 1972 నాటి పురావస్తు చట్టమునకు లోబడును. వాటిని ప్రైవేటువారు విదేశములకు పంపుటకు వీలు లేదు, లైసెన్సు లేక వ్యాపారము చేయుటకును వీలు లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పట్టిక. వస్తువేది, ఎచటిది, ఎవరినుండి వచ్చినది, ఏ స్థితిలో నున్నది అని నాలుగు గడులు గీసి వ్రాసినచో చాలును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు పుస్తకములు పోగుచేయుటతో తృప్తిపడక, ప్రతి పుస్తకమునకును ఒక సంఖ్య, ఒక స్థానము కల్పించిరి. అందువలననే అవి కాగితపు రాశులు గాక గ్రంథాలయములైనవి. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమునందును ఊరిలోని పాత వస్తువులకొక రిజిస్టరు తెరచుట ఉచితము. వస్తువు ఎవరి ఇంటిలో నున్నదో వారి ఇంటనే యుండవచ్చును. దాని ఎరుక మాత్రము గ్రంథాలయమున నిలుచును. పాతసామాను కొనువాడు వాకిట నిలిచినపుడు ఇంటి ఇల్లాలు తెలియక తక్కువకు ఈయదు. ఫోనులో లక్షలని పిలిచినపుడు ఇంటి కుర్రవాడు తెలియక మోసపోడు.

తెలియనివానికి రత్నమును రాయియే, రాయియు రత్నమే. ఈ రెండు నష్టములనుండియు కాపాడునది చదువు. ఆ చదువునకు ఆలవాలమైన ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము, వజ్రోత్సవము జరుపుకొనుగాక.

స్వస్తి.