నీరు మరిచినా బురద మరవదు

(సామర్లకోటలో కూలి సోదరుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎండాకాలం గోదావరి కాలవలు కట్టేస్తారు. కాలవ అడుగు బయటపడుతుంది. ఎన్ని యంత్రాలొచ్చినా ఆ పూడికలో దిగేదెవరు? మనమే. ఆ మడుగుల్లో చేపలు పట్టుకు తినేదెవరు? మనమే. అందుకని ఆ బురద సంగతి మనకి తెలియాలి.

నీళ్లు పరీక్ష చేసి బాగున్నాయని కాగితమిస్తారు. అది నిజమే కావచ్చు, కానీ సగం నిజం. సీసం, కాడ్మియం, పాదరసం లాంటి లోహాలు నీళ్లలో ఎక్కువకాలం నిలవవు. సన్నటి బంకమట్టికి, ఇనప తుప్పుకి, కుళ్లిన ఆకు అలముకి అంటుకుని అడుక్కి దిగిపోతాయి. ఇసకలో తక్కువ, ఒండ్రులో ఎక్కువ. నీళ్లు ఇవాళ్టి సంగతి చెబుతాయి. బురద ఏళ్ల తరబడి పద్దు రాసి ఉంచుతుంది.

గాలి అందని బురదలో చాలా లోహాలు గంధకంతో కలిసి కదలకుండా ఉంటాయి. తవ్వి గట్టున పోస్తే గాలి తగిలి ఆ కట్టు విడుతుంది. వానకి కారి బోదెల్లోకి, చేలల్లోకి పోతాయి.

అలాగని లోహం కనబడగానే విషమనకండి. గోదావరి దక్కను నల్లరాతి నేలల మీదుగా వస్తుంది. ఇనుము, రాగి దాని మట్టిలోనే ఉన్నాయి. ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు, ఎలా అంటుకుని ఉందో అడగాలి. 1979లో టెస్సియర్, ఆయన తోటివాళ్లు దీనికి అయిదు మెట్ల పరీక్ష చెప్పారు. తేలిగ్గా ఊడేది మొదటి మెట్టు, రాతిలో బిగిసినది ఆఖరి మెట్టు.

జపాన్‌లో మినమాటా కర్మాగారం వదిలిన పాదరసం చేపల్లోకెక్కింది. తిన్న పేదల జబ్బు 1956లో బయటపడింది. అక్కడి సముద్రపు బురద బాగుచేసే పని 1990 దాకా సాగింది. మనకి దగ్గర్లో పటాన్‌చెరు ఉంది. అక్కడి ఫ్యాక్టరీల మురుగు మీద 1990లో సుప్రీంకోర్టుకెక్కారు. ఆ మురుగు పడ్డ నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి.

మన కాలవలో విషముందని నేననడం లేదు. పరీక్ష చేసి చెప్పమంటున్నాను. పూడిక తీయకముందే బురద పరీక్ష జరగాలి. ఫలితం తెలుగులో రాసి అందరికీ కనబడేలా అంటించాలి. దిగే కూలీకి బూట్లు, చేతి తొడుగులు ఇవ్వాలి. పరీక్ష కాని పూడిక పేట పక్కన పోయకూడదు.

1927లో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ నీటి హక్కు అడిగారు. ఆ నీటి అడుగున ఏముందో తెలుసుకోవడం కూడా ఆ హక్కులో భాగమే. అర్జీ రాద్దాం, అందరం సంతకాలు పెడదాం.

జై భీమ్!