ఫోనులో డాక్టరు, పక్కన మనిషి



బరంపురం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. అంతకు ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గంజాం తీరంలో వల లాగేవాళ్లలో, బరంపురంలో పట్టు నేసేవాళ్లలో ఇప్పటికీ ఎందరో ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వాళ్ల బతుకు నడుము మీద, భుజం మీద, మోకాలి మీద నడుస్తుంది. కీలు పట్టేస్తే ఇంట్లో పొయ్యి ఆగుతుంది.

విరిగిన ఎముకకు వైద్యం చేయడానికి బరంపురంలో 1962లో మొదలైన ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. కానీ ఎముక అతుక్కుంటే సగం పనే అయినట్టు. వారాల తరబడి కట్టులో ఉన్న కీలు బిగుసుకుపోతుంది, కండ తగ్గిపోతుంది. చెయ్యి మళ్లీ పైకి లేవాలంటే రోజూ వ్యాయామం చెయ్యాలి. అది నేర్చుకోవడానికి మాటిమాటికీ పట్నం రావాలంటే బస్సు ఛార్జీ ఒకటి, పోయిన కూలి ఒకటి. పేదవాళ్లు మధ్యలో మానేసేది అందుకే.

ఇక్కడ ఫోను ఆదుకోగలదు. 2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ-సంజీవనిలో డబ్బు కట్టకుండా డాక్టరుతో మాట్లాడవచ్చు. అయితే ఫోను ఎముకను తాకి చూడలేదు. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా, కట్టు కింద వేళ్లు మొద్దుబారి నీలంగా మారినా, జ్వరంతో కీలు వాచినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకో అడ్డు భాష. "ఇంత ఎత్తుకే లేపు, నొప్పి పెరిగితే ఆపు" అని డాక్టరు ఒడియాలో చెబితే, తెలుగు ఒక్కటే వచ్చిన అవ్వకు ఎలా తెలుస్తుంది?

యువతీ యువకులారా, పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చిన సంగతి మనకు తెలుసు. ఈ రోజు మీరు మోయవలసింది ఒక ఫోను. అవ్వ కదలిక డాక్టరుకు కనిపించేలా పట్టుకోండి. ఎక్స్‌రే, మందుల చీటీ దగ్గర పెట్టండి. డాక్టరు మాటను తెలుగులో చెప్పండి, మళ్లీ ఆమె చేత చెప్పించండి. మీ సొంత వైద్యం కలపకండి. ఆమె వీడియో ఎవరికీ పంపకండి. మర్నాడు వెళ్లి, "వ్యాయామం చేశావా అవ్వా?" అని అడగండి.

మనం సాయం చేసినంత మాత్రాన ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. ఊరికి దగ్గరలోని ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉండాలని అడగడమూ మన పనే. అవ్వను పలకరిద్దాం, ఆమె హక్కునూ అడుగుదాం.